పదిహేడో నంబరు కుట్టు

తలుపు జానెడు తెరిచి ఉంది. ఆ సందులోంచి పొడవాటి బల్ల, దాని మీద వరసగా పరిచిన రెయిన్‌కోట్లు, గుడారపు గుడ్డలు, వాటి చివర తెల్లగా, మడతలు విప్పి పరిచిన నా పక్కబట్ట కనబడుతున్నాయి. నాది. కంపెనీది కాదు, శాంపిల్ కాదు, ఎవరికీ చూపించడానికి తెచ్చింది కాదు. పొద్దున్నే ఐదింటికి నా కిందనుంచి లాగి, స్నానాలగదిలో హోటలు వాళ్ల వేలెడు సబ్బుతో రెండుసార్లు ఉతికి, పిండి, తలుపు వెనక కొక్కేనికి ఆరేసి, పైన తువ్వాలు కప్పి మరీ టిఫినుకి వెళ్లాను. ముప్పావుగంట, అంతే. తిరిగొచ్చేసరికి పరుపు మీద కొత్త దుప్పటి నలగకుండా నవ్వుతోంది, కొక్కేనికి తువ్వాలు ఒక్కటే వేలాడుతోంది. వరండాలో బండి తోసుకుంటూ గదులు సర్దే ఆవిడ ఎదురైంది. “మీ శాంపిలా అమ్మా? కింద మీటింగు గదిలో ఇచ్చేశాను. మీ సారు నిన్ననే చెప్పారుగా, మీవాళ్ల గదుల్లో ఇలాంటి గుడ్డ ఏది కనబడినా పారెయ్యొద్దు, భద్రంగా తెచ్చివ్వమని. తడిగా ఉంటే ఇస్త్రీ గదిలో ఆరబెట్టి మరీ ఇచ్చా” అంది, మెచ్చుకోలు కోసం ఆగుతూ. మంచిపని చేసిన మొహం అది. ఆ మొహాన్ని ఏం చెయ్యాలి? “థాంక్సండీ” అన్నాను. నాకే నా గొంతు వినబడి ఒళ్లు మండిపోయింది. థాంక్సట!

పోయిన ప్రయాణంలో ఒక హోటలు వాళ్లు మా శాంపిల్ ముక్కల్ని చెత్త అనుకొని ఊడ్చేశారు. అప్పటినుంచి మేనేజరు ప్రతి హోటల్లో దిగగానే కౌంటరు దగ్గర ఈ ఉపన్యాసం ఇస్తాడు. ఫ్యాక్టరీలో ఆయన్ని అందరం చాటుగా గ్యారంటీ అంటాం, ఏ మాట మొదలుపెట్టినా గ్యారంటీతోనే ముగిస్తాడు కాబట్టి. వాన వస్తుందా అంటే గ్యారంటీ, రాదా అంటే అదీ గ్యారంటీ. ఇప్పుడు లోపల ఆయన గొంతే వినబడుతోంది. నన్ను ఈ కుర్చీలో కూర్చోబెట్టి, “పిలుస్తాను, కదలకు తల్లీ” అని వెళ్లాడు. ఎందుకు పిలుస్తాడో నాకు తెలుసు. నీళ్లు దిగని గుడ్డలు కుట్టే ఫ్యాక్టరీలో నాది కుట్టు మీద టేపు అతికే పని. సూది పోయిన ప్రతిచోటా ఒక రంధ్రం ఉంటుంది, ఆ రంధ్రాల వరస మీద వేడిగాలితో టేపు కరిగించి మూస్తాను. కొనేవాళ్లు నమ్మాలంటే వాళ్ల ముందే పరీక్ష పెట్టాలి. కుట్టు మధ్యకి వచ్చేలా అరచేతంత ముక్క గుండ్రంగా కోసి, యంత్రానికి బిగించి, అడుగునుంచి నీటి ఒత్తిడి పెంచుతూ పోవాలి. పైకి మూడు చుక్కలు తేలితే ఆ కుట్టు ఫెయిలు. కోసేది నేనే. కత్తెర నా సంచిలోనే ఉంది. ఈ బల్ల మీద ఉన్నవన్నీ మధ్యాహ్నానికి తలా ఒక కన్నంతో మిగులుతాయి. ఇంకా మూడు రాత్రులున్నాయి, రెండు ఊళ్లున్నాయి, నేనెప్పుడూ చూడని పరుపులున్నాయి. అలాంటి పక్కబట్ట ఏ కొట్లోనూ దొరకదు, ఎందుకంటే అలాంటిది ఇంకొకటి లేదు.

అసలు కోపం ఆవిడ మీద కాదు, గ్యారంటీ మీదా కాదు, నా చేతి మీద. ఈ దిక్కుమాలిన కుడిచెయ్యి. కుట్టు అయిపోగానే మూల మీద నంబరు ముద్ర కొట్టాలి, ఎవరు చేశారో తెలియాలి కదా. నాది పదిహేడు. రోజుకి రెండొందల సార్లు కొట్టే చెయ్యి, ఒక రోజు సెలవు పెట్టుకొని మరీ ఫ్యాక్టరీలోనే కూర్చొని నాకోసం నేను కుట్టుకున్న పక్కబట్ట మూల మీద కూడా కొట్టేసింది. పదిహేడు, పక్కనే తేదీ, పక్కనే పాస్ అని ఆకుపచ్చ ముద్ర. కొట్టాక చూసుకొని నవ్వుకున్నాను కూడా, నా పక్క పాసయింది అని. ఆ ముద్ర లేకపోతే అదొక మామూలు దుప్పటి, ఆవిడ దులిపి అక్కడే ఉంచేది. ఏడుసార్లు కుట్టాను దాన్ని. మొదటిది రోల్ చివర మిగిలిన రెయిన్‌కోటు గుడ్డతో, ఒత్తిగిల్లితే చాలు చిప్స్ పొట్లం నలిపినట్టు చప్పుడు. రెండోది చప్పుడు లేదు కానీ చెమట. మూడోది పరుపు మీద నిలవక జారేది, నాలుగోదానికి కుట్టు దగ్గర గట్టిగా గీరుకొనేది. ఏడోదానికి పైన మెత్తటి అల్లిక గుడ్డ, అడుగున పల్చటి పొర, నడుమ ఒకే ఒక్క కుట్టు, పరుపు కిందకి దోపడానికి రెండువైపులా రెక్కలు. ఉమ్మడి గదిలో పక్క మంచం మీద మనిషి మెలకువగా ఉన్నా వినబడనంత నిశ్శబ్దం. నేను ఈ లోకంలో ఏదైనా పూర్తిగా, ఎవరూ వంక పెట్టలేనంత బాగా చేశానంటే అదొక్కటే. దాన్ని నేను ఎవరికీ చూపించలేను. ఇప్పుడు అందరూ చూస్తున్నారు.

కుర్చీ రెక్సిన్ది. కొంచెం కదిలినా కిర్రుమంటోంది. ఎదురుగా నీళ్ల డబ్బా, పక్కన కాగితం గ్లాసుల దొంతర. నిన్న సాయంత్రం నాలుగు తర్వాత ఇవాళ టిఫిను దాకా ఒక్క గుక్క తాగలేదు, అయినా తప్పలేదు. ఇదొకటి. ఎండలో తిరిగొచ్చి పెదాలు పగిలి నాలుక పిడచకట్టుకుపోయినా తాగకుండా పడుకుంటానా, పొద్దున్నకి ఎక్కడివి అన్ని నీళ్లు? నా ఒళ్లే నాతో పందెం కాసినట్టు. అమ్మ కూడా ఇదే లెక్క వేసేది, పొద్దు వాలాక చెంబు అటక మీద పెట్టేసేది. అమ్మ నన్ను ఒక్కసారి కూడా తిట్టలేదు, కొట్టలేదు. తిట్టినా బాగుండేది. వాళ్లూ వీళ్లూ లేవకముందే చాప బావి దగ్గరికి తీసుకెళ్లి కడిగి, గొడ్లసావిడి వెనక, ఎండ సరిగా తగలని చోట, మనుషులు రాని చోట ఆరేసేది. సరిగా ఆరేది కాదు. నా చిన్నతనమంతా ఆ సగం ఆరిన చాప వాసన. “ఎవరితో అనకు తల్లీ” అనేది చెవిలో. ఎంత మెల్లగా అనేదంటే, ఇదేదో నేను చేసిన దొంగతనం, ఇద్దరం కలిసి దాస్తున్నాం అనిపించేది. ఎనిమిదో తరగతిలో బడి వాళ్లు రెండు రోజుల యాత్రకి తీసుకెళ్తుంటే హెడ్మాస్టరు ఇంటికొచ్చి మరీ అడిగారు, మంచిగా చదివే పిల్ల, పంపండమ్మా అని. “దీనికి బస్సు పడదండీ” అంది అమ్మ. అంతే, నాకు బస్సు పడదు అన్నది ఊరంతా తెలిసిపోయింది. పెళ్లికి పిలిచినా బస్సు పడదు, పరీక్షకి పక్క ఊరు వెళ్లాలన్నా అయ్యో దానికి బస్సు పడదే. నాకు బస్సంటే ప్రాణం. కిటికీ పక్కన కూర్చుంటే ఎన్ని గంటలైనా కూర్చోగలను. ఇప్పుడు నెలకి పది రోజులు బస్సుల్లోనే తిరుగుతుంటే మా పిన్ని, “ఉద్యోగం వస్తే అన్నీ పడతాయే” అంటుంది. అన్నయ్య మాత్రం నన్ను మబ్బు అని పిలిచేవాడు. చుట్టాలు ముద్దుపేరు అనుకొని వాళ్లూ పిలిచేవాళ్లు. మబ్బూ, నీళ్లు తెచ్చిపెట్టవే. మబ్బూ, ఇటు రావే. వాడు గోడకి ఆనుకొని కళ్లతో నవ్వేవాడు. వాడి పెళ్లిలో వాళ్ల అత్తగారు కూడా, “మబ్బుకి సంబంధాలు చూస్తున్నారా?” అని అడిగింది. ఆ రోజు కూడా నేను నవ్వాను. ఎన్ని నవ్వులు నవ్వానో, ఒక్కొక్కటీ వెనక్కి లాక్కోవాలని ఉంది.

పెళ్లయితే పోతుంది అన్నాడు మొదటి డాక్టరు, నా వైపు కాక అమ్మ వైపు చూస్తూ, కాగితం మీద ఏదో గీకుతూ. పోకపోతే? అని అడగడానికి నోరు తెరిచేలోపల గంట కొట్టేశాడు, తర్వాతి మనిషి లోపలికొచ్చేశాడు. పోకపోతే ఎవరి ఇంట్లో, ఎవరి పరుపు మీద, ఎవరి మొహం చూస్తూ లేవాలి నేను? రెండో డాక్టరు ఆడమనిషి. పొత్తికడుపు నిండిన కబురు కొందరికి నిద్రలో తలదాకా చేరదమ్మా, నీ తప్పేం లేదు, నీలాంటి పెద్దవాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తారు అంది. చాలామందా? ఎక్కడున్నారు వీళ్లంతా? బస్సులో నా పక్కన కూర్చున్న ఆవిడా? ఈ హోటల్లోనే పై అంతస్తులో ఎవరైనా దుప్పటి పిండుతున్నారా? ఆవిడ ఇచ్చిన మాత్రతో వారానికి ఐదు రాత్రులు పొడిగా ఉంటాయి. ఏ ఐదో మాత్ర చెప్పదు. ఎవరికైనా చెప్పుకో, మనసు తేలికవుతుంది అని కూడా అంది. ఆవిడకేం, తలుపు వేసి ఉన్న గదిలో కూర్చొని అంటుంది.

హోటలు గదిలోకి అందరూ అడుగుపెట్టి ఫ్యాను చూస్తారు, కిటికీ చూస్తారు. నేను దుప్పటి ఎత్తి పరుపు చూస్తాను. రెక్సిన్ తొడుగుంటే దండం పెట్టుకుంటాను. లేకపోతే తలుపు గొళ్లెం పెట్టి నా పక్కబట్ట పరిచి, రెక్కలు దోపి, పైన వాళ్ల దుప్పటిని ఎలా ఉన్నదో అలా సర్దుతాను, ఉద్యోగంలో ఇంత ఒద్దిక ఎప్పుడూ చూపించి ఉండను. అయినా అంచు దాటిందా, టీ తెప్పించుకుంటాను. సగం తాగి సగం దుప్పటి మీద పోస్తాను. అయ్యో ఒలికిపోయిందండీ అంటాను. ఒక హోటల్లో నన్ను టీ అమ్మాయి అని గుర్తుపెట్టుకున్నారు, రెండోసారి వెళ్తే గ్లాసుకి మూతపెట్టి ఇచ్చారు. ఈ పక్కబట్ట కుదరకముందు, ఒకసారి పరుపులోకే దిగిపోయింది. అందరం టిఫిను తింటుంటే కౌంటరు మనిషి హాలు మధ్యకొచ్చి, “రెండొందల ఆరు ఎవరండీ? పరుపు తడిసి ముద్దయింది” అన్నాడు, లాటరీ తగిలినవాణ్ని పిలిచినట్టు. “ఏసీ కారిందండీ” అన్నాను. అంత గట్టిగా, అంత తడుముకోకుండా ఎలా వచ్చిందో. మాతో వచ్చే మెకానిక్కు, ఫ్యాక్టరీలో అందరికీ బాబాయి, ఆయన చెయ్యి కడుక్కొని లేచాడు. “నే చూస్తానుండండి” అని స్టూలు వేసుకొని ఎక్కి, గంటసేపు ఆ ఏసీ మూతలు విప్పాడు. నేను కింద నుంచుని స్టూలు పట్టుకున్నాను. చుక్క తడి లేదు లోపల, దుమ్ము రాలుతోంది. నా కళ్లలోకి చూడకుండా దిగాడు. కిందికెళ్లి, “పైపు వదులైందయ్యా, బిగించాను. మీరు చూసుకోవద్దూ?” అని కౌంటరు మనిషినే ఎదురు కేకలేశాడు. ఆ రోజునుంచి బాబాయి మీద నాకు కోపం. అబద్ధం ఆడి కాపాడినవాడి మీద కోపమేమిటి అంటే, ఏమో. ఆయన ఏ మేలు చెయ్యకుండా ఉంటే ఆయనకి తెలియదని అనుకోగలిగేదాన్ని. ఇప్పుడు బస్సు ఆగినప్పుడల్లా, “ఐదు నిమిషాలు ఆగుతుందటమ్మా” అని ఊరికే గాల్లోకి అంటాడు, నా వైపు చూడకుండా. ఆ చూడకపోవడం, అబ్బ, ఆ చూడకపోవడం!

లోపల కుర్చీలు జరిగాయి. కొనడానికొచ్చిన కళ్లజోడావిడ లేచి బల్ల చివరికి నడిచింది. రెయిన్‌కోట్లు దాటేసింది, గుడారాలు దాటేసింది. ఒద్దు, అక్కడ ఆగొద్దు. ఆగింది. నా పక్కబట్ట అంచు రెండు వేళ్లతో పట్టుకొని నలిపింది. చప్పుడు రాలేదు. కనుబొమలు పైకి లేచాయి. చెవి దగ్గర పెట్టుకొని మళ్లీ నలిపింది. ఆ తర్వాత, నేను చూస్తుండగా, మెత్తదనం చూడ్డానికి కాబోలు, తీసి చెంపకి ఆనించుకుంది. గ్యారంటీ వంగి, “వాసన కూడా ఉండదండీ, చూడండి” అని ముక్కు దగ్గర పెట్టుకొని గాఢంగా పీల్చాడు. “గ్యారంటీ” అన్నాడు. నవ్వొచ్చింది. ఏడుపొచ్చింది. “కొత్త ఐటమా? చెప్పనేలేదు” అందావిడ. “మీకు చివర్లో చూపిద్దామనే దాచాం” అన్నాడాయన. దాచాం! ఎవరు దాచింది? ఎక్కడ దాచింది? నువ్వు పొద్దున్నే లేచి ఎన్నిసార్లు పిండావయ్యా దీన్ని? ఆయన మూల మీది ముద్ర చూశాడు. “పదిహేడు అంటే మా అమ్మాయే. బయట ఉంది. అమ్మాయ్, ఇలా రా! కత్తెర తెచ్చుకో.”

లేచాను. కుర్చీ కిర్రుమంది. నాకు రెండు దారులున్నాయి. కోసి ఊరుకోవచ్చు. మూడు రాత్రులు కుర్చీలో కూర్చొని తెల్లార్చవచ్చు, ఒకసారి ఉమ్మడి గదిలో అలాగే చేశాను, పుస్తకం చదువుతున్నానని చెప్పి. మూడో రోజు యంత్రం ముందు నిలబడి తూలితే, పిల్లకి ప్రయాణం పడదు అంటారు. మళ్లీ ఆ మాట. అమ్మ మాట. రెండో దారి నోరు తెరవడం. లోపల ఏసీ చల్లగా ఉంది. బాబాయి పరీక్ష యంత్రం పక్కన నిలబడి పైపు బిగిస్తూ పక్కబట్టని చూశాడు, నన్ను చూశాడు. ఈసారి చూపు తిప్పుకోలేదు.

“ఇదిగో, నడిమి కుట్టు మీద గుండ్రంగా కోసెయ్ తల్లీ. మేడంగారు చూస్తారు” అన్నాడు మేనేజరు.

“కోయను సార్.”

“ఆఁ?”

“ఇది శాంపిల్ కాదండీ. నాది.”

ఆయన నవ్వాడు. “కంపెనీ గుడ్డలో నీదీ నాదీ ఏంటమ్మా. అంతా మనదే. కొయ్యి, కొయ్యి. ఇంకోటి కుట్టుకుందువుగాని.”

“రాత్రి దీని మీదే పడుకున్నాను సార్. ఇవాళ రాత్రీ పడుకోవాలి.”

ఆయనకి ఏదో అర్థమైంది. అర్థం కాగానే, పాపం, దాని మీద గబగబా ఏదో కప్పేద్దామని చూశాడు. “అదేనండీ మేడం, ఇళ్లల్లో చిన్నపిల్లలుంటారు కదా, వాళ్ల కోసమని మా అమ్మాయి సొంతంగా...”

“పిల్లలకి కాదు, నాకే. నేను నిద్రలో పక్క తడుపుతాను. నాకు ఇరవై ఆరేళ్లు.”

కళ్లజోడావిడ చెయ్యి తనకి తెలియకుండానే చెంప మీదికి వెళ్లి తుడుచుకుంది. నేను చూశాను. నేను చూడటం ఆవిడ చూసింది. ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కళ్లజోడు సర్దుకుంది.

“ఉతికిందేనండీ. రెండుసార్లు” అన్నాను.

మనసు తేలికవుతుందట. ఏం కాలేదు. ఇరవై ఏళ్లకి పైగా అమ్మా నేనూ అటక మీదా సావిడి వెనకా దాచిన మాట ఇదా, ఇంతేనా, ఊపిరి తీసుకొని వదిలేలోపల అయిపోయే మాట! దీని కోసమా యాత్ర మానుకున్నది, దీని కోసమా అన్ని గ్లాసుల టీ దుప్పట్ల మీద పోసింది! కోపం తగ్గుతుందేమో అనుకుంటే అరికాళ్లనుంచి మళ్లీ లేచింది.

“ఎన్నాళ్లుగా వాడుతున్నారు?” అంది ఆవిడ చివరికి. గొంతు మారింది. జాలి కాదు, అది సరుకు చూసే గొంతు. నాకు జాలికంటే అదే నయమనిపించింది.

“పద్నాలుగు నెలలు. వారానికి రెండు ఉతుకులు, ఒక్కోసారి నాలుగు.”

“కుట్టు ఊరలేదా?”

“పరీక్ష పెట్టుకోండి. కోయకుండా.”

“కోయకుండా ఎలా అమ్మా, యంత్రంలో పట్టదు కదా” అన్నాడు మేనేజరు, నేలకేసి చూస్తూ.

“ఎందుకు పట్టదు? పరుపు తొడుగులు మిషను కిందకి ఎలా దూరుస్తారో అలా ఒక సగం చుట్టి దూర్చడమే” అన్నాడు బాబాయి. “ఎప్పుడూ కొయ్యడమే అలవాటై చూడలేదు గానీ. అమ్మాయ్, ఆ కొస పట్టుకో.”

ఆయన ఒక వైపు, నేను ఒక వైపు చుట్టాం. నడిమి కుట్టు రింగు మీదికి వచ్చింది. బిగించాం. బాబాయి పంపు కొట్టడం మొదలుపెట్టాడు. డయలు మీద ముల్లు కదిలింది. మేనేజరు వంగాడు, కళ్లజోడావిడ వంగింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి, రెప్ప వెయ్యకుండా, నా పక్కబట్ట మీద ఒక్క తడి చుక్క కోసం చూస్తున్నారు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి నేను భయపడిన చూపు అదే. చూడండి, బాగా దగ్గరికొచ్చి చూడండి అనుకున్నాను. నేను వంగలేదు. నిటారుగా నిలబడి వాళ్ల తలల మీదుగా ముల్లునే చూశాను. రెయిన్‌కోట్ల గీత దాటింది. గుడారాల గీత దాటింది. గుడ్డ చిన్న బుడగలా ఉబ్బింది, కుట్టు ఒక్క పోగు కూడా కదల్లేదు.

“చాలు, చాలు. మనకి కావలసింది దాటేసింది” అన్నాడు మేనేజరు.

బాబాయి చెయ్యి ఆపి నా వైపు చూశాడు.

“చాలదు” అన్నాను. “ఇంకా కొట్టు బాబాయ్.”